ముఖంలో కనిపించని నొప్పి

మా అత్తగారు "నొప్పిగా ఉందే అమ్మాయీ" అంటే మూడేళ్ళపాటు మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మనివాళ్ళలో మొదటిదాన్ని నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక.

ఆవిడకి పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణుకుతుంది, అడుగు చిన్నదై కాళ్ళు ఈడ్చినట్టు నడుస్తారు, సంతకం చీమ తలకాయంత అయిపోయింది. ఇవన్నీ మాకు తెలుసు. డాక్టరుగారు చెప్పారు, బంధువులు చెప్పారు, వాట్సాప్‌లో వచ్చినవి చదివాం. వణుకుడు రోగం అనే కదా దాని పేరు! చేతిలో కాఫీ గ్లాసు తొణికితే అందరూ పరుగెత్తుకెళ్ళి పట్టుకునేవాళ్ళం. నొప్పి అంటే మాత్రం "జండూబామ్ రాయనా అత్తయ్యా?" అని వంటింట్లోంచే ఒక కేక. అంతే.

ఎందుకు నమ్మలేదో ఇప్పుడు ఆలోచిస్తే నాకే సిగ్గుగా ఉంటుంది. నొప్పి అన్నవాళ్ళు మొహం చిట్లించాలి, మూలగాలి, నుదురు పట్టుకోవాలి. మనం చిన్నప్పటి నుంచి మొహాలు చూసే కదా మనుషుల్ని తెలుసుకుంటాం! బడి నుంచి వచ్చిన పిల్లాడి మొహం చూసి మార్కులు ఎన్నొచ్చాయో చెప్పేస్తాం. మా అత్తగారి మొహంలో ఏమీ కదలదు. కళ్ళు రెప్ప వేయడం కూడా తక్కువ. గొంతు చిన్నదై, ఎత్తుపల్లాలు లేకుండా, కూరలో ఉప్పు తక్కువైంది అన్నట్టే "కాలు విపరీతంగా లాగేస్తోంది" అంటారు. ఆ మాటకీ ఆ మొహానికీ పొంతన కుదరదు. చూసేవాళ్ళకి ఏమనిపిస్తుంది? అంత నొప్పేం కాదులే అనిపిస్తుంది.

ఆ మొహం అలా ఉండటం కూడా జబ్బులో భాగమే. మొహంలో ఉన్నవీ కండరాలేగా. కాళ్ళూ చేతులూ నెమ్మదించినట్టే అవీ నెమ్మదిస్తాయి. అంటే ఈ జబ్బు ఒక చేత్తో నొప్పి పెడుతూ, రెండో చేత్తో ఆ నొప్పిని చెప్పుకునే మొహాన్నీ గొంతునీ లాగేసుకుంటుంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా చెప్పండి.

రెండో కారణం ఇంకా చిక్కైనది. ఆవిడ నొప్పి గడియారం చూసి వచ్చేది. తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకి మొదలు. కుడిపాదం లోపలికి మెలి తిరిగి, వేళ్ళు కిందికి ముడుచుకుపోయి, పిక్క రాయిలా బిగిసిపోయేది. సరిగ్గా నేను లేచి పాలు కాచి, టిఫినుకి చట్నీ రుబ్బి, ఇద్దరు పిల్లల డబ్బాలు సర్దే వేళ. పదిగంటలకి అందరూ వెళ్ళిపోయాక చూస్తే ఆవిడ హాయిగా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండేవారు. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి భుజం, నడుము. నేనేం అనుకోవాలి? "నా పనివేళకే వస్తుంది ఆవిడకి నొప్పి" అనుకున్నాను. అనుకోవడమేమిటి, మావారితో పైకే అన్నాను.

అవతల మా ఆడపడుచు కథ వేరు. తను వచ్చేది పదకొండింటికి, వెళ్ళేది మూడింటికి. "నేనున్నంతసేపూ అమ్మకి ఏ నొప్పీ లేదు వదినా, మరి మీ దగ్గరే ఎందుకు వస్తుందో" అంది ఒకరోజు. ఆ మాటలో ఏముందో ఆడవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆర్నెల్లు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇద్దరం చూసింది నిజమే. ఇద్దరం చూసిన వేళలు వేరు.

ఆ గుట్టు విప్పింది మాత్రలు. అప్పట్లో ఆవిడకి లెవోడోపా మాత్ర ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదికి. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు లెక్కేయండి. పన్నెండు గంటలు. ఆ మందు పనిచేసేది కొద్ది గంటలే. జబ్బు పాతబడేకొద్దీ ఆ గంటలూ తగ్గుతూ వస్తాయి. తెల్లవారుజాముకి ఒంట్లో మందు అడుగంటిపోతుంది. అప్పుడు కండరాలకి వెళ్ళే ఆజ్ఞలు గాడి తప్పి, వదులుగా ఉండాల్సినవి కూడా బిగుసుకుని, పాదం మెలిపడుతుంది. డిస్టోనియా అంటారు దీన్ని. ఎనిమిదింటి మాత్ర పడి, అది రక్తంలో కలిసి మెదడుకి చేరాక తొమ్మిదికి, తొమ్మిదిన్నరకి పాదం దానంతటదే విప్పుకుంటుంది. పదింటికి చిక్కుడుకాయలు. నటన కాదు, వేషం కాదు, ఆవిడ ఒంట్లో మందు ఎప్పుడుందో ఎప్పుడు లేదో అదే మాకు ఎదురుగా నడిచింది. చూడటం మాకు రాలేదు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్ళాలి. నాకు అర్థమైనట్టే చెప్తాను.

కందిపప్పు పోపు పెడుతుంటే నూనె చింది చెయ్యి చురుక్కుమంటుంది. ఆ కబురు నరాల మీదుగా వెన్నుపాముకి, అక్కణ్ణుంచి మెదడుకి వెళ్తుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది ఏమిటంటే మెదడు నుంచి కిందికి కూడా కబుర్లు వస్తాయి, "చాల్లే, తగ్గించు" అని. మంటని సిమ్‌లో పెట్టినట్టు. పెళ్ళింట్లో హడావిడిగా తిరుగుతుంటే కాలికి దెబ్బ తగిలినా తెలియదు, రాత్రి పడుకున్నాక చూస్తే ఇంత నల్లగా కమిలి ఉంటుంది. పొద్దుట అంత దెబ్బా నొప్పెట్టలేదేం? మెదడు సిమ్‌లో పెట్టింది కాబట్టి. అంటే నొప్పి ఎంత అన్నది దెబ్బ ఒక్కటే నిర్ణయించదు, నాడీ మండలం కూడా నిర్ణయిస్తుంది.

ఈ సిమ్‌లో పెట్టే పనిలో చేతులు వేసేవాటిలో డోపమైన్ ఒకటి. సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ కూడా. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయని మనం వింటూనే ఉంటాం. అయితే అది తగ్గితే నడక, చేతివాటం మాత్రమే పోతాయనుకుంటాం. నొప్పిని తగ్గించే మీట కూడా వదులైపోతుంది. మిగతా రెండు రసాయనాలు కూడా ఈ జబ్బులో తగ్గుతాయి. అందుకే మనకి చిటికెడు అనిపించేది వాళ్ళకి గుప్పెడు అనిపిస్తుంది. మందు ఒంట్లో లేని వేళ వీళ్ళు నొప్పిని తట్టుకునే హద్దు కిందికి దిగుతుందనీ, మందు పడ్డాక మళ్ళీ పైకి వెళ్తుందనీ పరీక్షలు పెట్టి చూసినవాళ్ళున్నారు. పాదం మెలిపడటమూ, ఆ నొప్పి రెట్టింపుగా తెలియడమూ రెండూ ఒకే వేళకి రావడం చూశారా!

ఎక్స్‌రేలో ఏమీ లేదు కాబట్టి నొప్పి లేదు అనే మాట అందుకే నాకు ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. డోపమైన్ కనిపించదు. "అంతా మనసులోనే అమ్మా" అనే మాట ఇంకా హీనం. మెదడులో జరిగేదీ, మనసు పుట్టించుకునేదీ ఒకటి కాదు. దిగులు, నిద్రలేమి నొప్పిని పెంచుతాయన్నది నిజమే, కానీ ఈ జబ్బులో ఆ దిగులూ నిద్రలేమీ కూడా చాలాసార్లు అదే మూలం నుంచి వస్తాయి.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ రహస్యం కాదు. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు ఈ జబ్బు గురించి చిన్న పుస్తకం రాశాడు. ఆయన వివరించింది ఆరుగురి గురించే, అందులో కొందరిని వీధిలో చూసి రాశాడు. ఆ చిన్న పుస్తకంలోనే కీళ్ళవాతం లాంటి నొప్పుల ప్రస్తావన ఉంది. ఏటా ఏప్రిల్ 11న ఆయన పుట్టినరోజున పార్కిన్సన్స్ దినం జరుపుతారు, వణికే చేతి బొమ్మలు వేస్తారు. రెండొందల ఏళ్ళు దాటినా ఇళ్ళలో నొప్పి మాత్రం లెక్కలోకి రాలేదు. జబ్బు ఉన్నవాళ్ళలో సగానికి అటూఇటూ, చాలా లెక్కల్లో అంతకంటే ఎక్కువమందికే నొప్పి ఉంటుందని తేలినా సరే.

మా ఇంట్లో అయితే ఇంకా వెనక్కి వెళ్ళాలి. చెయ్యి వణకడానికి రెండేళ్ళ ముందే ఆవిడకి కుడిభుజం పట్టేసింది. జడ వేసుకోలేకపోయేవారు, జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయేవారు. ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. సూదులు, కాపడం, కొబ్బరినూనెలో కర్పూరం, అన్నీ అయ్యాయి. కొందరిలో ఈ జబ్బు మొదట అలా భుజం పట్టేసినట్టే బయటపడుతుందని తర్వాత తెలిసింది. భుజం నొప్పి ఉన్న ప్రతివాళ్ళూ బెంగపెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. నలభై, యాభై దాటిన మనలో సగంమందికి భుజాలు నొప్పే. భుజంతోపాటు అదే వైపు చెయ్యి నడకలో ఊగకపోతే, అక్షరాలు చిన్నవైపోతుంటే, వాసన తెలియకుండా పోతుంటే మాత్రం నరాల డాక్టరు చెవిన ఒక మాట వేయండి.

ఇప్పుడు నా అసలు గొడవకి వస్తాను. మన ఇళ్ళల్లో డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్తారు? ఫైలు పట్టుకుని మగవాళ్ళు. మావారు చాలా శ్రద్ధగల మనిషే, కాదనను. ఆఫీసుకి పర్మిషను పెట్టి తీసుకెళ్ళేవారు. "ఎలా ఉన్నారు?" అని డాక్టరు అడిగితే "వణుకు కొంచెం తగ్గిందండీ" అని మావారు చెప్పేవారు. ఐదు నిమిషాల్లో అయిపోయేది. పైగా ఇచ్చిన టైము పొద్దున్న పదకొండు, ఆవిడ బాగుండే వేళ! తెల్లవారుజామున పాదం ఎలా మెలిపడిందో చూసింది నేను. నేనేమో ఇంట్లో కుక్కరు దగ్గర ఉన్నాను. చూసిన మనిషి ఒకరు, చెప్పే మనిషి ఒకరు. అలా మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ మెడికల్ షాపులో అడిగి తెచ్చిన నొప్పి బిళ్ళలు మింగి ఆవిడ కడుపులో మంట తెచ్చుకున్నారు, నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఖరాఖండిగా చెప్తున్నాను. ఒంటికి నూనె రాసే మనిషి, రాత్రి లేచి పక్కమీద తిప్పి పడుకోబెట్టే మనిషి డాక్టరు ముందు కూర్చోవాలి. వంట ఒకపూట ఆగితే ఆగుతుంది. ఎవరూ అడగకపోయినా "నొప్పి ఉంది" అన్న మాట మనమే ఎత్తాలి, ఎందుకంటే వాళ్ళు వణుకు గురించి అడుగుతారు, నడిపించి చూస్తారు, వేళ్ళు ఆడించమంటారు. నొప్పి అడిగితే తప్ప బయటికి రాదు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పాల క్యాలెండర్ తీసుకెళ్ళాను. నవ్వకండి. పాలవాడి లెక్క రాసే గళ్ళలోనే పదిహేను రోజులపాటు ఆవిడ నొప్పి రాశాను. ఎన్నింటికి మాత్ర, ఎన్నింటికి భోజనం, ఎన్నింటికి నొప్పి, ఎక్కడ, ఎంతసేపు. పాదం మెలిపడ్డప్పుడు ఫోనులో ఒక వీడియో తీశాను, ఆవిణ్ణి అడిగే. డాక్టరుగారు ఆ క్యాలెండర్ రెండు నిమిషాలు చూసి, "ఇది ముందే తెచ్చి ఉంటే బాగుండేది" అన్నారు. పడుకునే ముందు నెమ్మదిగా కరిగే రకం మాత్ర ఒకటి చేర్చారు, పొద్దుటి మొదటి మాత్రని ఐదున్నరకి జరిపారు. మధ్యాహ్నం మాత్ర భోజనంతో పాటు వేస్తున్నామని క్యాలెండర్‌లోనే పట్టుకున్నారు. పప్పు, పెరుగు లాంటి మాంసకృత్తులున్న తిండి, ఈ మందు ఒకే దారిలో పేగు దాటాలి కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయట. అందుకే సాయంత్రం నాలుగింటి నొప్పి! అన్నానికి అరగంట ముందు మాత్ర వేసి చూడమన్నారు. అంతేగానీ పప్పు మానేయమని కాదు, ఉన్న ఒళ్ళే సగమైపోయిన మనిషికి అది ఇంకో ప్రమాదం. మలబద్ధకం ఉన్నా మందు ఒంటికి సరిగ్గా పట్టదని అప్పుడే తెలిసింది. ఇవి మా ఆవిడకి కుదిరిన మార్పులు. మీ ఇంట్లో మాత్రల వేళలు మీ అంతట మీరు మార్చకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

దూలగొండి గింజల పొడి గురించి కూడా చాలామంది చెప్పారు. దూలగొండిలో లెవోడోపా ఉన్నమాట నిజమే, మన ఆయుర్వేదం కంపవాతానికి ఎప్పటినుంచో వాడుతున్నదే. అందుకే నాకు భయం. ఉన్న మాత్రకి తోడు ఎంత పడుతుందో తెలియని అదే మందు ఇంకొంచెం. డాక్టరుకి చెప్పకుండా వద్దనే అంటాను.

నాకు ఆ గదిలో కొత్తగా తట్టిన సంగతి ఇంకొకటుంది. నొప్పి ఎలా ఉందని డాక్టరు అడిగితే మావారు ఎప్పుడూ "పెయిన్ అండీ" అనే అన్నారు. అత్తగారు మాత్రం ఇంట్లో ఒక్కో నొప్పికి ఒక్కో మాట వాడతారు. భుజం "సలుపు". పిక్కలు "పీకుతున్నాయి". పాదం "కొంకర్లు పోతోంది". తొడ పక్కన ఒకచోట "మంట". కొన్ని సాయంత్రాలు "కూర్చోలేను, నిలబడలేను, కాళ్ళలో ఏదో పాకినట్టుంది" అంటారు. ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని. ఆ మాటలన్నీ క్యాలెండర్‌లో ఉన్నవి ఉన్నట్టు రాస్తే, అవి వేర్వేరు నొప్పులని తేలింది. సలుపు కీలూ కండరమూ బిగిసినందుకు, దానికి కసరత్తు కావాలి. కొంకర్లు మందు తరిగినందుకు. మంట నరానిది, నడుము దగ్గర నొక్కుకుందేమో చూడాలన్నారు. కుదురు లేకపోవడం మరో రకం. వాళ్ళ పుస్తకాల్లో వీటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మా అత్తగారు ఐదో తరగతి చదువుతోనే అవన్నీ విడదీసి పెట్టారు. తెలుగు బీయే చదివి ఏం ఉద్ధరించావని ఎవరైనా అడిగితే ఇకమీదట ఇది చెప్తాను: మా అత్తగారి మాటల్ని పొల్లుపోకుండా రాశాను.

నొప్పి మీద పనిచేసే శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని మార్చి రాసింది. ఒక మనిషి తనకి నొప్పి ఉందని చెబితే ఆ మాటకి గౌరవం ఇవ్వాలని అందులో చేర్చారు. నోటితో చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదని కూడా ఉంది. చదివినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చింది. ఇది రాయడానికి శాస్త్రవేత్తలు కావాలా అని. ఆ తర్వాత నా మూడేళ్ళు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మావాళ్ళకి ఇంకో దురలవాటుంది, మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. ఆడవాళ్ళ నొప్పిని మొదటినుంచీ తక్కువ చేసి చూడటం. నెలసరి నొప్పి నుంచి మోకాళ్ళ నొప్పి దాకా "అందరికీ ఉండేదే" అని విని విని, మా అత్తగారి తరం వాళ్ళు నొప్పిని పదో వంతే చెప్పడం నేర్చుకున్నారు. ఆ పదో వంతుని కూడా కదలని మొహంతో చెబితే, వినే కోడలికి ఇంక ఏం చేరుతుంది? మామయ్యగారు ఉన్న రోజుల్లో ఆయన చిన్నగా దగ్గితే ఇల్లంతా మిరియాల కషాయం వాసన వచ్చేది.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పోలేదు. తెల్లవారుజామున పాదం మెలిపడటం వారానికి రెండు మూడుసార్లకి తగ్గింది, అదీ మునుపంత సేపు ఉండదు. జబ్బు ఆగేది కాదు, ఈ ఏర్పాటు కూడా కొన్నాళ్ళకి చాలదు, అప్పుడు మళ్ళీ క్యాలెండర్ పట్టుకుని వెళ్ళాలి. భుజానికి ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు వస్తుంది. ఆ అమ్మాయంటే మా అత్తగారికి నా మీద కంటే ఇష్టం.

ఆవిడకి నేను క్షమాపణ చెప్పాను. చెప్పడం అంటే, ఒకరోజు పాదానికి వేడి నీళ్ళ గుడ్డ చుడుతూ "ఇన్నాళ్ళూ నేను నమ్మలేదు అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఎప్పటిలాగే ఏ మార్పూ లేని మొహంతో నాకేసి చూశారు. కోపమో, జాలో, ఏమీ తెలియలేదు. కాసేపటికి "ఎడమకాలు కూడా పీకుతోందే" అన్నారు. లేచి వెళ్ళి టైము చూశాను. ఐదూ పది. క్యాలెండర్‌లో గళ్ళు నిండిపోయాయి, మార్జిన్‌లో రాశాను.

మా ఆడపడుచుకి ఆ నెల పేజీ ఫొటో తీసి పంపించాను. రెండురోజులు జవాబు లేదు. మూడోరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను చేసింది, "అమ్మ లేచిందా వదినా, కాలు ఎలా ఉంది?" అని.